హిస్టరీ గ్రూపు ఎత్తేసే ముందు: కడప జిల్లా డిగ్రీ కాలేజీల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

పెద్దలందరికీ నమస్కారం.

ఈ లేఖ కడప జిల్లాలో డిగ్రీ కాలేజీలు నడిపే యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, ఏ కోర్సు ఉంచాలో ఏది తీసేయాలో కమిటీల్లో కూర్చొని సంతకాలు పెట్టేవాళ్లకు. నేను హిస్టరీలో ఎం.ఏ. చదివాను, ఆ తర్వాత ఎం.ఫిల్. చేశాను. మాది జమ్మలమడుగు పక్క పల్లె. పన్నెండేళ్లుగా కడపలో ఒక లాయరు గారి ఆఫీసులో పని చేస్తున్నాను. నేను లా చదవలేదు. పాత దస్తావేజులు చదవడం, ఒకదానితో ఒకటి లింకు కుదురుతోందా లేదా చూడడం, ఎక్కడ అనుమానం ఉందో రాసి సార్ ముందు పెట్టడం నా పని. బ్యాంకు లోను కోసం వచ్చేవాళ్లు, అన్నదమ్ముల తగాదాతో వచ్చేవాళ్లు, తాతల నాటి ఇనాం భూమి, అంటే పాత ప్రభువులు మాన్యంగా ఇచ్చిన భూమి, ఎవరి పేరున ఉందో తేలక ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు, ఇట్లా రోజుకు ఇద్దరు ముగ్గురి కట్టలైనా నా టేబుల్ మీదికి వస్తాయి. ఈ పని నాకు నేర్పింది హిస్టరీ చదువే, అది చెప్పడానికే ఈ లేఖ.

పోయిన నెలలో మా పిన్ని కొడుకు మార్కుల మెమో కోసం నేను డిగ్రీ చదివిన కాలేజీకి పోయాను. ఆ కాలేజీ పేరు రాయను, ఎందుకంటే ఇది ఆ ఒక్క కాలేజీ సంగతి కాదని మీకూ తెలుసు. హిస్టరీ డిపార్ట్‌మెంట్ గది తలుపు తీసే ఉంది, లోపల పాత కంప్యూటర్ మానిటర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, మా సార్ గోడకు తగిలించే భారతదేశం మ్యాపు చుట్టచుట్టి మూలకు నిలబెట్టి ఉంది, వాకిట్లో మూడు గోనె సంచులు. వంగి చూస్తే అవన్నీ పిల్లలు రాసిన ప్రాజెక్టులు. పైన ఉన్నది తీశాను. ఎవరో అమ్మాయి వాళ్ల ఊరి చెరువు గురించి రాసింది. మరువ, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు, ఎప్పుడు తెగింది, ఎవరు బాగు చేయించారు, ఏ తూము కింద ఎవరి పొలాలు ఉండేవి, అన్నీ వాళ్లవ్వను అడిగి రాసుకుంది, అవ్వ మాటలు పెన్సిల్‌తో, తను ఆఫీసు రికార్డులో చూసినవి పెన్నుతో. రెండూ కలపకుండా వేరువేరుగా పెట్టింది. ఆ పిల్లకు డిగ్రీలోనే ఆ జాగ్రత్త ఎవరో నేర్పారు. అక్కడున్న అటెండరు అన్న మాత్రం మామూలుగా చెప్పాడు, "అవి పాత పేపర్లమ్మా, తూకానికి ఏచ్చాండాం" అని. నేను అడిగి రెండు ప్రాజెక్టులు ఇంటికి తెచ్చుకున్నాను. మూడు సంచులూ తెచ్చుకోలేకపోయాను, ఆ బాధ ఇంకా ఉంది.

ప్రిన్సిపాల్ గారిని కలిస్తే మర్యాదగానే మాట్లాడారు. అడ్మిషన్లు లేవమ్మా, డిగ్రీలో ఒక్కటే ముఖ్య సబ్జెక్టు అనే సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక పిల్లలంతా కంప్యూటర్స్ అంటున్నారు, ఆరుగురి కోసం ఒక లెక్చరర్‌ను పెట్టలేం కదా అన్నారు. తర్వాత ఇంకో మాట అన్నారు, అదే నన్ను కూర్చోబెట్టి ఈ లేఖ రాయిస్తోంది. "అయినా హిస్టరీ చదివి పిల్లలు ఏం చేస్తారమ్మా?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. నేను పీజీలో చేరిన రోజు మా పెద్దనాన్న కూడా ఇదే అడిగాడు, "రాజుల కతలు సదువుకోని ఏం జేచ్చావ్ మ్మా" అని. ఆయన అడిగితే అర్థం ఉంది, ఆయన బడికి పోలేదు. కాలేజీ నడిపే మీరు అడిగితే మాత్రం జవాబు చెప్పి తీరాలి.

మా ఆఫీసుకు వచ్చిన ఒక కట్ట గురించి చెబుతాను. ఊరు, పేర్లు వద్దు. అందులో 1931 తేదీ వేసిన భాగాల పత్రం ఒకటి ఉంది. ముగ్గురు అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు, రోడ్డు పక్క చెక్క పెద్దవాడి వాటాకు వచ్చినట్టు రాసి ఉంది. రిజిస్టర్ కాలేదు, స్టాంపు పేపరు మీద చేతిరాత. కాగితం పసుపుపచ్చగా మారి, మడతల దగ్గర చిరిగి, చూడటానికి నిజంగా పాతదే. సాక్షులు ఉన్నారు, నిశానీలు ఉన్నాయి, చెక్కుబందీ నాలుగు దిక్కులా సరిగ్గా రాశారు. కక్షిదారుడు దాన్ని దేవుడి పటంలాగా రెండు చేతులతో పట్టుకొని వచ్చాడు. నేను ముందు రాత చదవలేదు, పైనున్న రాజు బొమ్మ చూశాను. స్టాంపు మీద ఉన్న రాజుకు గడ్డం లేదు. ఐదో జార్జికి గడ్డం ఉంటుంది, ఆరో జార్జికి ఉండదు. ఆరో జార్జి రాజైంది 1936 డిసెంబరులో. 1931లో రాసిన పత్రానికి ఆయన బొమ్మ ఉన్న స్టాంపు పేపరు ఎక్కడి నుంచి వస్తుంది? అంటే ఆ పత్రం ఆ తేదీన పుట్టలేదు. ఎప్పుడో తర్వాత, పాత స్టాంపు పేపరు ఒకటి సంపాదించి రాసుకున్నారు. ఆ కక్షిదారుడికి కూడా ఆ సంగతి తెలియదు పాపం, వాళ్ల నాయన ఇచ్చిపోయిన కాగితం అది, దాన్ని నమ్ముకొని ఏళ్ల తరబడి కోర్టుకు తిరుగుతున్నాడు.

రాజు బొమ్మ చూడమని నాకు ఏ లా పుస్తకమూ చెప్పలేదు. ఎం.ఏ. మొదటి సంవత్సరంలో పరిశోధన పద్ధతుల పేపరు ఉండేది. ఆధారాన్ని రెండు రకాలుగా పరీక్షించాలని అందులో నేర్పారు. మొదటిది బాహ్య విమర్శ, అంటే ఆ కాగితం, సిరా, ముద్ర, రాత నిజంగా ఆ కాలానివేనా అని చూడటం. రెండోది అంతర విమర్శ, అంటే లోపల చెప్పిన సంగతిని ఎంతవరకు నమ్మొచ్చు, రాసినవాడికి అది తెలిసే అవకాశం ఉందా, అట్లా రాస్తే ఆయనకు ఏం లాభం అని చూడటం. పరీక్షలో పది మార్కుల ప్రశ్న అది, అందరం బట్టీ కొట్టాం. కానీ మా సార్ అక్కడితో వదిలిపెట్టలేదు, ఇంట్లో ఉన్న పాత కాగితం ఏదైనా ఒకటి తెచ్చుకోమని, దాని మీద ఈ రెండు పరీక్షలూ చేయమన్నారు. అప్పుడు వచ్చింది చదువు.

అప్పటి నుంచి కాగితం చూడగానే కళ్లు వాటంతట అవే వెతుకుతాయి. 1952 తేదీ ఉన్న పత్రంలో "ఆంధ్ర రాష్ట్రము" అని ఉంటే ఆగిపోతాను, ఎందుకంటే మన కడప 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. 1950 నాటి రసీదులో నయాపైసలు కనిపిస్తే ఆగుతాను, దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో, అప్పటిదాకా రూపాయి అణా పైస. సర్వే నంబరు పక్కన బై నంబరు, అంటే ఆ పొలాన్ని విడగొట్టిన ముక్క నంబరు, ఉంటే, ఆ పత్రం తేదీకి ఆ సబ్ డివిజన్ అయ్యిందా అని రిజిస్టర్ తీసి చూస్తాను. శిస్తు లెక్కలకు వాడే ఫసలీ సంవత్సరం రాసి ఉంటే ఇంగ్లీషు సంవత్సరం కోసం 590 కలుపుతాను, కానీ ఫసలీ జూలై 1న మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి జూన్ దాకా నెలలైతే 591 కలపాలి. ఇది మరిచిపోయి ఒక ఏడాది తేడాతో శిస్తు రసీదులు తప్పుగా పేర్చుకున్నవాళ్లను ఎంతమందినో చూశాను. ఒక్క ఏడు తేడా వస్తే కొన్నవాడు ముందా, అమ్మినవాడి చావు ముందా అనేదే తలకిందులైపోతుంది.

ఇంకోటి చెప్పాలి, ఇది చిన్నదిగా కనిపిస్తుంది గానీ మనుషులను ఏళ్లకేళ్లు తిప్పుతుంది. రికార్డు ఎక్కడ దొరుకుతుంది అనే సంగతి. ఎం.ఫిల్.లో నేను ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు కాలం మీద కొంత చదివాను. ఆయనను 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. కోయిలకుంట్ల ఇప్పుడు నంద్యాల జిల్లా, నిన్నమొన్నటిదాకా కర్నూలు జిల్లా, కాబట్టి నేను కర్నూలు కాగితాల కోసం వెతికాను. ఏమీ దొరకలేదు. మా గైడు గారు చూసి, అమ్మా, ఆ రోజుల్లో కోయిలకుంట్ల తాలూకా కడప జిల్లాలో ఉండేది, ఈ కథంతా నడిపింది కడప కలెక్టరు, ఆ ఉత్తరాలు చూడు అన్నారు. నాకు తల తిరిగినట్టయింది. ఇప్పటి మ్యాపును మనసులో పెట్టుకొని అప్పటి కాగితం వెతికితే దొరకదు అని ఆ రోజు తెలిసింది. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయి ఏర్పడింది, కాబట్టి అంతకు ముందు సంగతులకు బళ్లారి రికార్డు చూడాలి. మన జిల్లాల గురించిన పాత ఉత్తరాలు కొన్ని ఇప్పటికీ చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఈ తెలివి లేకనే ఎంతోమంది రైతులు, ఎంతోమంది లాయర్లు కూడా, లేని ఆఫీసులో లేని కాగితం కోసం అర్జీలు పెడుతుంటారు.

అదే నరసింహారెడ్డి గురించి కంపెనీ దొరలు రాసిన ఉత్తరాల్లో ఆయన బందిపోటు, తిరుగుబాటుదారు. రేనాటి పల్లెల్లో పాడే పాటలో ఆయన వీరుడు. విద్యార్థి ముందు రెండూ పెడతారు. ఒకటి అబద్ధం ఇంకోటి నిజం అని తేల్చడం సులువు, కానీ ఆ పని చేయనివ్వరు. దొర ఎవరికి రాస్తున్నాడు, తన మీద తప్పు రాకుండా ఏం దాస్తున్నాడు, పాట ఎప్పుడు కట్టారు, ఎవరి ముందు పాడారు, రెండింటిలోనూ ఒకేలా ఉన్న సంగతి ఏది, అని ఒక్కో ముడీ విప్పమంటారు. ఆ పనికి నాకు రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ఇద్దరు అన్నదమ్ములు ఒకే పొలం గురించి రెండు కథలు చెబుతుంటే, నేను ఎవరి వైపూ మొగ్గకుండా చివరిదాకా వినగలుగుతున్నానంటే ఆ రెండు నెలల చలవే.

కైఫీయత్తుల, అంటే ఊళ్ల పాత చరిత్ర రాసిన కాగితాల, సంగతీ ఇంతే. 19వ శతాబ్దం మొదట్లో కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన మన తెలుగువాళ్లు, కావలి సోదరులు, వాళ్ల కింది మనుషులు, ఊరూరా తిరిగి కరణాల దగ్గరున్న కవిలెలు, అంటే పాత లెక్కల పుస్తకాలు, చూసి, పెద్దల నోటి మాట విని రాయించినవి. మన జిల్లా ఊళ్ల గురించి అంత సమాచారం ఇంకెక్కడా దొరకదు. ఊరు ఎట్లా పుట్టింది, గుడి ఎవరు కట్టారు, ఏ పాలెగాడు ఎప్పుడు దోచాడు, అన్నీ ఉంటాయి. నేను మొదట చదివినప్పుడు ప్రతి అక్షరం నమ్మేశాను. రెండోసారి చదివినప్పుడు సార్ ఒక్క ప్రశ్న అడిగారు: ఈ మాట చెప్పిన కరణానికి ఆ రోజు భయం దేని గురించి? 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాడు, మన్రో వచ్చి కలెక్టరుగా కూర్చున్నాడు, ఇనాములు ఎవరికి ఎట్లా వచ్చాయి అని కొత్త ప్రభుత్వం ఆరా తీస్తోంది. అట్లాంటి టైములో అడిగితే ఏ కరణమైనా మా ఇనాం రాయలవారి కాలం నాటిది అనే చెబుతాడు కదా. దానర్థం ఆయన అబద్ధమాడాడని కాదు, ఆ మాటకు ఇంకో ఆధారం వెతకాలని. గుడి దగ్గర శాసనం ఉంటే పోయి చూడాలి.

శాసనం చూడటం గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, నాకు ఇష్టమైన సంగతి కాబట్టి. పీజీలో ఉన్నప్పుడు ఒక ఎండాకాలం పొద్దున్నే ఆరింటికి మమ్మల్ని ఒక పల్లె గుడికి తీసుకుపోయారు. రాతి మీద ఏళ్ల తరబడి కొట్టిన సున్నం. నీళ్లు పోసి, మెత్తటి కుంచెతో నెమ్మదిగా రుద్ది, అక్షరాల గుంతల్లో ఇరుక్కున్న సున్నాన్ని వెదురుపుల్లతో తీశాం, ఇనుము తగలనివ్వలేదు. తడిపిన కాగితాన్ని రాతికి ఆనించి, బ్రష్షుతో టపటపా కొడుతుంటే కాగితం అక్షరాల లోపలికి దిగుతుంది. తడి కొంచెం ఆరాక గుడ్డ ఉండను సిరాలో అద్ది పైపైన అద్దాలి. అప్పుడు చుట్టూ నల్లగా, అక్షరం తెల్లగా పైకి తేలుతుంది. రాతి మీద చేత్తో తడిమినా తెలియని గీతలు కాగితం మీద ఒక్కొక్కటే లేచి వస్తుంటే, పక్కనే నిలబడి చూస్తున్న పూజారి గారు అట్లాగే కింద కూర్చుండిపోయారు. ఆయన పుట్టినప్పటి నుంచీ ఆ రాతికి పసుపు కుంకుమ పెడుతున్నారట, దాని మీద రాత ఉందని తెలుసు గానీ ఏముందో ఎవరూ చెప్పలేదట. అది చెరువు కింద మడి ఒకటి దేవుడికి ఇచ్చిన శాసనం. చివర, ఈ ధర్మానికి విఘ్నం చేసినవాళ్లు గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతారని శాపం. ఆ వాక్యం మేము గట్టిగా చదివితే ఆయన దండం పెట్టుకున్నారు.

ఆ తర్వాత తేదీ లెక్క. శాసనంలో శక సంవత్సరం ఉంటుంది, దానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది అని గైడ్లలో రాస్తారు. అంత తేలిక కాదు. పక్కన ప్రభవ విభవ పేరు ఉంటుంది, మాసం, తిథి, వారం ఉంటాయి. శక సంఖ్యకూ పేరుకూ ఒక ఏడు తేడా వస్తుంది కొన్నిసార్లు. అది గడిచిన ఏడు లెక్కా, నడుస్తున్న ఏడు లెక్కా, లేక చెక్కినవాడి పొరపాటా, లేక ఆ శాసనమే తర్వాతి కాలంలో ఎవరో చెక్కించిందా? స్వామికన్ను పిళ్లై తయారు చేసిన పంచాంగ పట్టికలు ముందు పెట్టుకొని వారం కుదురుతోందా లేదా చూడాలి. ఒక్క తేదీకి ఒక మధ్యాహ్నం అయిపోతుంది. ఆ మధ్యాహ్నాలు నాకు ఓపిక నేర్పాయి, ఆ ఓపికే ఇప్పుడు నా జీతం.

మా అవ్వ ధాత కరువు గురించి చెప్పేది. ఆమె వాళ్లవ్వ దగ్గర విన్నదట, జనం గడ్డలు తవ్వుకొని తిన్నారని. ధాత అనే తెలుగు సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది, 1876, 1936, 1996. ఏ ధాత? మద్రాసు రాజధానిని కుదిపేసిన పెద్ద కరువు 1876 నుంచి 1878 దాకా నడిచింది, కాబట్టి అవ్వ చెప్పింది ఆ ధాత. చదువుకోని ముసలమ్మ నోట్లో నూరేళ్లు దాటిన తేదీ చెక్కుచెదరకుండా ఉంది! దాన్ని గుర్తుపట్టడానికి మాత్రం చదువుకున్న మనిషి ఒకరు ఎదురుగా కూర్చొని వినాలి. ఎట్లా అడగాలి, ఎక్కడ ఆపకూడదు, చెప్పినదాన్ని మన మాటల్లోకి మార్చకుండా ఎట్లా రాసుకోవాలి, ఇదంతా ఒక విద్య. గోనె సంచిలో నాకు దొరికిన ఆ చెరువు ప్రాజెక్టు రాసిన పిల్లకు ఆ విద్య వచ్చు.

మన జిల్లాలో కూర్చొని ఈ మాటలు చెప్పాల్సి రావడమే నాకు కష్టంగా ఉంది. తెలుగులో దొరికిన మొదటి శాసనం ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో ఉంది, రేనాటి చోళుల ధనంజయుడిది, సుమారు 575 నాటిది. మన భాష ఎంత పాతదని ఎవరైనా అడిగితే రాష్ట్రమంతా చూపించేది మన పల్లె రాయినే. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు ఈ జిల్లా శాసనాలను సంపుటాలుగా తెచ్చారు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టుకొని ఒకే వేమన పద్యానికి వేరువేరు ప్రతుల్లో ఉన్న పాఠాలు పోల్చి చూశాడు, ఆ పోల్చి చూడటమూ మా పేపర్లలో ఒకటి. ఆయన బంగళా ఉన్నచోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి నిలబెట్టిన లైబ్రరీలోనే నేను ఎం.ఫిల్. చాలావరకు చదివాను. ఇన్ని ఉన్న ఊళ్లో హిస్టరీ గది మానిటర్ల గోడౌన్ అయిపోయింది.

ఇప్పుడు మీ వైపు నుంచి కూడా ఆలోచిస్తాను. అడ్మిషన్లు తగ్గింది నిజం. నాతో పీజీ చేసినవాళ్లలో టీచర్లయినవాళ్లు కొందరు, సచివాలయంలో చేరినవాళ్లు కొందరు, సంబంధం లేని పనుల్లో ఉన్నవాళ్లు కొందరు. సాఫ్ట్‌వేర్ జీతం ఎవరికీ రాలేదు, వస్తుందని నేను ఏ పిల్లకూ చెప్పను. ఆడపిల్లను పీజీ దాకా చదివించే నాయన జీతం గురించి అడగడంలో తప్పు లేదు.

ఇంకో తప్పు మా వైపే ఉంది, దాచను. హిస్టరీ పీజీలు రెండు రకాలు. ఒకటి నేను పైన రాసింది. రెండోది గైడు కొని, పది ప్రశ్నలు బట్టీ కొట్టి, పానిపట్టు యుద్ధాల కారణాలు ఆరు, ఫలితాలు ఎనిమిది అని రాసి వచ్చేది. దీనిలో ఒక్క అసలు ఆధారం కూడా విద్యార్థి చేతికి రాదు. డిసర్టేషన్ జెరాక్సు షాపులో దొరుకుతుంది. అట్లా పట్టా తెచ్చుకున్నవాళ్లను మీరు ఇంటర్వ్యూలో చూసి, హిస్టరీ అంటే ఇంతే అనుకున్నారేమో. నేనూ మా ఆఫీసుకు ఒక మనిషి కావాలని అట్లాంటి ఇద్దరితో మాట్లాడాను. మంచి పిల్లలే, మార్కులు నాకంటే ఎక్కువ. 1934 నాటి దస్తావేజు ఒకటి చేతికిచ్చి ఇందులో ఏం గమనించావు అంటే, తేదీలు, పేర్లు చదివి చెప్పి ఊరుకున్నారు. దాన్ని రాసినవాడు ఎవరు, అమ్మడానికి కారణం ఏం రాశారు, "నా అవసర నిమిత్తము" అన్నారా, పలానా వారి బాకీ తీర్చుకొనుటకు అన్నారా, కొన్నవాడే బాకీ ఇచ్చినవాడా, ఈ వైపు చూపే పోలేదు. పిల్లల తప్పు కాదు, చూడమని ఎవరూ చెప్పలేదు. కానీ సరిగ్గా నేర్పడం లేదని కోర్సునే తీసేస్తే, నేర్పగలిగే ఆ కొద్దిమంది కూడా పోతారు. మా సార్ రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు, అదీ చూశాం.

రేపు ఏపీపీఎస్సీ నోటిఫికేషన్ పడగానే ఇదే పిల్లలు, బీటెక్ చేసినవాళ్లతో సహా, వేలకు వేలు ఫీజు కట్టి కోచింగ్ సెంటర్లో హిస్టరీ నేర్చుకుంటారు, ఎందుకంటే గ్రూప్స్ సిలబస్‌లో అది ఉంది. డిగ్రీలో మూడేళ్లు నింపాదిగా రావాల్సిన చదువు అక్కడ బిట్లుగా వస్తుంది. రాయలసీమ అని పేరు పెట్టింది ఎవరు? ఒక బిట్టు, నాలుగు ఆప్షన్లు. చాలాకాలం గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి పేరే చెప్పుకున్నారు, తర్వాత 1928 నంద్యాల సభల కాగితాలు చూసినవాళ్లు చిలుకూరి నారాయణరావు గారు అన్నారు. ఆ మాట ఎట్లా మారింది, ఏ కాగితం చూసి మార్చారు అనేది బిట్టులో పట్టదు, నాకైతే అసలు హిస్టరీ అక్కడే ఉందనిపిస్తుంది. మన సీమ నీళ్ల గురించి, కోస్తా, సీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక గురించి సభల్లో, ఫోన్లలో అరుచుకునేవాళ్లలో ఆ ఒడంబడికను పూర్తిగా చదివినవాళ్లు ఎంతమంది? మన హక్కు అడగాలన్నా ముందు కాగితం చదవగలగాలి కదా.

1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. అందులో మంచీ ఉంది, మా ఊళ్లో దాని వల్ల బతికిపోయినవాళ్లు ఉన్నారు. కానీ పాత లెక్కల రాత, పాత కొలతలు, గొలుసుకట్టు అక్షరాలు చదవగలిగే తరం ఆ తర్వాత మెల్లగా కనుమరుగైపోతోంది. అది తిరిగి నేర్పడానికి మన దగ్గర మిగిలిన చోటు హిస్టరీ డిపార్ట్‌మెంటే. భూముల రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు, మంచిదే, కానీ ఎక్కించేవాడు పాత రాత తప్పు చదివితే ఆ తప్పు శాశ్వతంగా కంప్యూటర్‌లో కూర్చుంటుంది. "వెంకటసుబ్బన్న"ను "వెంకటసుబ్బమ్మ" అని ఎక్కించిన కేసు మా టేబుల్ మీద ఇప్పుడు ఉంది, ఆ కుటుంబం రెండేళ్లుగా తిరుగుతోంది.

నేను అడిగేవి పెద్దవేమీ కావు. ఆరుగురు చేరినా మేజర్‌ను ఒక్కసారిగా తీసేయకండి, పక్క కాలేజీతో కలిసి ఇద్దరూ ఒకే లెక్చరర్‌ను పెట్టుకునే దారి చూడండి. అది కుదరకపోతే కనీసం కామర్స్, కంప్యూటర్స్ పిల్లలకు మైనర్‌గా ఉంచండి, పాత పత్రం చదవడం బ్యాంకులో చేరేవాడికీ పనికొస్తుంది. పీజీ ఉన్నచోట డిసర్టేషన్ అంటే వాళ్ల సొంత ఊరి మీదే ఉండాలని, కనీసం ఒక అసలు ఆధారం విద్యార్థి స్వయంగా చూసి రాయాలని షరతు పెట్టండి. పాత ప్రాజెక్టులను తూకానికి వేయకండి. ఒక బీరువా చాలు.

నా వంతుగా నేను చేయగలిగింది చెబుతాను. ఏ కాలేజీ అయినా సరే, హిస్టరీ పిల్లలు ముగ్గురే ఉన్నా సరే, రెండో శనివారం మధ్యాహ్నం నేను వచ్చి పాత దస్తావేజులు, ఇనాం రిజిస్టరు నకళ్లు ముందు పెట్టి ఎట్లా చదవాలో చూపిస్తాను. మా లాయరు సార్‌తో మాట్లాడాను, పేర్లు కప్పేసిన జెరాక్సులు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. నాకు డబ్బులు వద్దు, బస్సు చార్జీ కూడా వద్దు. పిల్లలను ఇంట్లో ఉన్న పాత కాగితం ఒకటి, ఒక భూతద్దం తెచ్చుకోమనండి. పెన్సిలూ పెన్నూ రెండూ తెచ్చుకోమనండి.

ఇట్లు,
మీ జిల్లాలో హిస్టరీ చదువుకున్న ఒక మనిషి,
కడప